పై నుంచి కబురు రాకపోతే కింద ఏం జరగాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇది: "మాస్టారూ, మాది పర్లాకిమిడి, ఉద్యోగం వైజాగ్‌లో. మా సిస్టమ్‌లో 11 సైట్లలో కలిపి సుమారు 3,000 మెషీన్లున్నాయి. అన్నీ ఒకే కోఆర్డినేటర్‌కి 5 సెకన్లకోసారి హార్ట్‌బీట్ (బతికే ఉన్నానని చెప్పే చిన్న మెసేజ్) పంపుతాయి. ఏ పని ఏ మెషీన్ మీద నడవాలో అదే చెబుతుంది. అది పడిపోతే అంతా ఆగిపోతోందని ఒక స్టాండ్‌బై (దాని బదులు పని అందుకునే రెండో కోఆర్డినేటర్) పెట్టాం. పోయిన నెల లింక్ తెగినప్పుడు రెండూ 'నేనే లీడర్' అనుకున్నాయి. ఒకే బిల్లింగ్ జాబ్ రెండు చోట్ల నడిచింది. ఇప్పుడు సైట్‌కో లీడర్, వాళ్లందరి మీద ఒక పెద్ద లీడర్, ఇలా పొరలు వేద్దామంటున్నారు. ఎన్ని పొరలు కావాలి? ప్రతి పొరలోనూ రాఫ్ట్ (మెషీన్లు ఓట్లు వేసి లీడర్‌ని ఎన్నుకుని, మెజారిటీ ఒప్పుకున్నదే ఖాయం చేసే పద్ధతి) పెట్టాలా?"

బాబూ, పొరల సంగతి తర్వాత. ముందు చిన్న లెక్క వేసుకుందాం. 3,000 మెషీన్లు 5 సెకన్లకోసారి పలకరిస్తే సెకనుకి 600 మెసేజ్‌లు. ఈ రోజుల్లో మామూలు సర్వర్‌కి కూడా అదో పని కాదు. గూగుల్ తన మెషీన్లకి పనులు పంచే బోర్గ్ సిస్టమ్ వివరాలు 2015లో బయటపెట్టింది. మధ్యరకం సెల్ (మెషీన్ల గుంపు) ఒకటి తీసుకుంటే అందులో సుమారు 10,000 మెషీన్లు, వాటన్నిటి పైనా ఒక్కటే మాస్టర్. ఆ మాస్టర్ ఐదు కాపీలుగా నడుస్తుంది, అంతే. అలాంటి పనే చేసే కుబర్నెటీస్ కూడా ఒక్కో క్లస్టర్‌కి (గుంపుకి) 5,000 నోడ్ల (మెషీన్ల) వరకు సపోర్ట్ ఉందని చెబుతుంది. అందుకని "కోఆర్డినేటర్ మీద లోడ్ ఎక్కువైంది, పొరలు వేద్దాం" అని మీటింగ్‌లో ఎవరైనా అంటే నమ్మకండి. మీకు పొరలు కావాల్సింది సైట్ల మధ్య లింకులు తెగుతున్నాయి కాబట్టి. లోడ్ పంచుకోడానికి వేసే పొర పైవాడి మాటని కిందికి మోస్తే చాలు. తెగే లింకుల కోసం వేసే పొరకి అది చాలదు. పైవాడి మాట అందనప్పుడు తను ఏం చేయొచ్చో, ఏం చేయకూడదో దానికి ముందే తెలిసి ఉండాలి. మీ స్టాండ్‌బైకి తెలియనిది అదే.

మా పెదనాన్న రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేశారు, సింగిల్ లైన్ స్టేషన్‌లో. సెలవులకి వెళ్తే నన్ను ప్లాట్‌ఫారం చివరిదాకా తీసుకెళ్లేవారు. ఒక పెద్ద రింగు, దానికి తోలు సంచి, సంచిలో ఇనుప బంతి. అదే టోకెన్. ఆ బంతి డ్రైవర్ చేతికి అందితేనే బండి తర్వాతి సెక్షన్‌లోకి పోవాలి. ఆగకుండా పోయే బండి అయితే ఇంజిన్‌లోవాడు చెయ్యి చాపి రింగు అందుకునేవాడు, వెనకటి సెక్షన్ రింగు కిందకి విసిరేసేవాడు. పెదనాన్న మోచేయి ఎప్పుడూ కమిలిపోయి ఉండేది. రెండు స్టేషన్ల మెషీన్లూ తీగతో ముడిపడి ఉంటాయి. అవతలి స్టేషన్ మాస్టర్ ఒప్పుకుంటేనే ఇవతల బంతి బయటికొస్తుంది. ఒక బంతి బయట ఉండగా ఆ సెక్షన్‌కి రెండోది రాదు. తీగ తెగిందనుకోండి, బంతి రాదు, బండి కదలదు. "అవతలివాడు పలకడం లేదు, లైన్ ఖాళీగానే ఉండి ఉంటుందిలే" అనుకుని ఎవరూ బండి వదలరు. మెషీన్ చెడితే కాగితం మీద లైన్ క్లియర్ రాసిస్తారు. దానికి కూడా ఇద్దరు మాస్టర్లూ ప్రైవేట్ నంబర్లు మార్చుకోవాలి. ప్రయాణికులు తిట్టుకుంటారు, తిట్టుకోనీ.

ఇప్పుడు దీనికి పూర్తిగా అడ్డం తిరిగే సంగతి ఒకటి చెబుతాను. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. దాటింది అక్కడైనా మా గజపతి జిల్లా కొండల్లో కురిసిన వాన అంతా ఇంతా కాదు. అప్పుడు నేను కాశీనగర్ పక్క మా ఊళ్లోనే ఉన్నాను. జనాన్ని చేర్చాల్సింది స్కూల్ బిల్డింగ్‌లోకి. తాళం ఒకాయన దగ్గర ఉంది. "పై నుంచి ఫోన్ వస్తే తీస్తాను" అన్నాడు. టవర్ పడిపోయాక ఫోన్ ఎక్కడి నుంచి వస్తుంది? గంటన్నర సేపు పిల్లా జెల్లా వరండాలో తడుస్తూ నిలబడ్డారు. "ఫోన్ వచ్చేలోగా వంశధారే వచ్చేస్తది నాయనా" అని ఓ ముసలమ్మ అరిచింది. చివరికి గునపం తెచ్చి తాళం కొట్టేశారు. ఆయన చెడ్డవాడేం కాదు. ఫోన్ రాకపోతే నువ్వే తియ్యి అని ఆయనకి ఎవరూ ముందుగా చెప్పలేదు, అంతే.

మీ పనుల జాబితా ముందు పెట్టుకుని ఒక్కొక్కటీ అడగండి, ఇది టోకెన్ పనా, తాళం పనా అని. బిల్లింగ్ జాబ్ టోకెన్ పని. రెండు చోట్ల నడవడం కన్నా అరగంట ఆగిపోవడమే నయం. నడుస్తున్న సర్వీసుని అలాగే నడవనివ్వడం, ఒక ప్రాసెస్ చస్తే అదే మెషీన్ మీద మళ్లీ లేపడం, లాగ్‌లు లోకల్‌గా దాచిపెట్టడం, ఇవన్నీ తాళం పనులు. వీటికి పైవాడి అనుమతి అడగడమే తప్పు. బోర్గ్‌లో ఐదు మాస్టర్ కాపీలూ ఒకేసారి పోయినా కింద మెషీన్ల మీద నడుస్తున్న పనులు ఆగవు. ప్రతి మెషీన్‌లో ఉండే చిన్న ఏజెంట్ పైనుంచి మాట రాకపోతే తన పని తాను చేసుకుపోతుంది. కొత్త పనులు మాత్రం రావు. మళ్లీ సంబంధం కలిసినప్పుడు, ఈలోగా వేరే చోటికి మార్చేసిన పనులుంటే వాటిని చంపేయమని మాస్టర్ చెబుతుంది. మీ దగ్గర కోఆర్డినేటర్ పడితే "అంతా ఆగిపోతోంది" అన్నారు చూడండి, నాకు స్టాండ్‌బై గొడవ కన్నా అదే పెద్ద లోపంగా కనిపిస్తోంది.

ఇక రాఫ్ట్. ప్రతి పొరలోనూ వద్దు. ఓట్లు వేసి తేల్చే వ్యవహారం పైన ఒక్కచోట చాలు. మెషీన్లు ఆగిపోవడం వరకే భయమైతే, ఒకటి పోయినా నిలబడాలంటే 3, రెండు పోయినా నిలబడాలంటే 5 కావాలి. 4 పెడితే 3 కన్నా లాభం లేదు, అదీ ఒకటి పోతే తట్టుకుంటుంది, రెండు పోతే కూలబడుతుంది. (అబద్ధాలు చెప్పే మెషీన్లకి కూడా నిలబడాలంటే లెక్క వేరు, ఒక్క అబద్ధాలకోరుకి నలుగురు కావాలి. 1982లోనే లాంపోర్ట్, షోస్టాక్, పీస్ తేల్చేశారు. మీకు ఆ తలనొప్పి అక్కర్లేదు.) ఈ ఐదింటినీ కనీసం మూడు సైట్లలో సర్దండి. 2, 2, 1 అని. రెండే సైట్లలో పెడితే ఏదో ఒక వైపు మెజారిటీ ఉంటుంది, ఆ సైట్ పోయిన రోజు మీరూ పోతారు. మీ లీడర్, స్టాండ్‌బై జంట కథ కూడా ఇదే. ఇద్దరు మనుషుల మధ్య గొడవ వస్తే మెజారిటీ ఎక్కడ దొరుకుతుంది? సైట్ లీడర్లు 11 మందికీ ఓటు ఇచ్చేద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఇవ్వకండి. ప్రతి రాతకీ (డేటాలో చేసే ప్రతి మార్పుకీ) ఆరుగురి ఒప్పుకోలు కోసం ఎదురుచూడాలి, అందులో కొండ మీద లింక్ ఉన్న సైట్ కూడా ఉండొచ్చు. ఇలాగే ఓట్లతో నడిచే జూకీపర్ అనే సాఫ్ట్‌వేర్‌లో అబ్జర్వర్లు అని ఉంటాయి. వాటికి ఓటు ఉండదు, అన్నీ వింటాయి, చదవడానికి వచ్చినవాళ్లకి జవాబిస్తాయి. సైట్ లీడర్లు ఆ మాదిరిగా ఉంటే చాలు.

పొరలు ఎన్ని అన్నారు. మధ్యలో ఒక్కటి. ఒక్కో సైట్ లీడర్ కింద 300 దాకా మెషీన్లు, పైన 11 మంది లీడర్లు. ఇంకో పొర కలిపితే కబురు చేరడానికీ, చావు తెలియడానికీ పట్టే టైమ్ పెరుగుతుంది తప్ప ఒరిగేదేమీ లేదు. ఈ మధ్య పొర గురించి ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. దాని దగ్గర సొంత నిజం ఏదీ ఉండకూడదు. ఏది ఎక్కడ నడవాలన్న నిర్ణయం పైన ఉంటుంది. ఏది నిజంగా నడుస్తోందో ఆ మెషీన్‌కే తెలుసు. మధ్యవాడి దగ్గర ఉండేది ఈ రెంటి నకలు మాత్రమే. మధ్యవాడు చచ్చి ఇంకొకడు లేస్తే, రెండు మూడు హార్ట్‌బీట్లలో పిల్లలందరూ, అంటే దాని కింది మెషీన్లు, తమ సంగతి చెప్పేస్తారు, నకలు మళ్లీ తయారవుతుంది. అలాంటప్పుడు దానికి రాఫ్ట్ ఎందుకు? సైట్‌లో ఎవరు లీడరో పైనున్న గుంపు దగ్గర లీజ్ (గడువుతో ఇచ్చే అనుమతి) తీసుకుంటే సరిపోతుంది.

అయితే లింక్ తెగిన సైట్‌లో లీడర్ కూడా పోతే ఏమిటని అడుగుతారు. అప్పుడు ఆ సైట్‌కి లీడర్ ఉండడు. మెషీన్లు తాళం పనులు చేసుకుంటూ కూర్చుంటాయి. ఉండనివ్వండి.

ఇక్కడ నేను చేసిన ఒక ఘనకార్యం చెప్పాలి. కంపెనీ పేరు అనవసరం. మధ్య పొర లీడర్ పోతే దాని పిల్లలు పక్క లీడర్ దగ్గరికి పోవాలని రాశాను. కాగితం మీద చక్కగా ఉంది. ఓ శనివారం రాత్రి ఒక లీడర్ పడింది. దాని 400 మంది పిల్లలూ ఒకే సెకనులో పక్కదాని మీద పడ్డారు, ఒక్కొక్కరూ తమ పూర్తి వివరాలు పంపుతూ. అది ఉక్కిరిబిక్కిరై హార్ట్‌బీట్లు మిస్ అయింది. చచ్చిందని పైవాడు తేల్చాడు. ఇప్పుడు 800 మంది మూడోదాని మీదికి. పేకమేడలా ఏడు లీడర్లు కూలాయి. అసలు మొదటి లీడర్ ఎందుకు పడిందో తెలుసా? ఎవరో దాన్ని మామూలుగా రీస్టార్ట్ చేశారు, 40 సెకన్లలో అదే లేచేది. ఆ తర్వాత రెండు మార్పులు చేశాం. లీడర్ పోయిన మెషీన్ వెంటనే పరిగెత్తకుండా, ఎవరికి వారు వేరువేరుగా కొంత టైమ్ ఆగి, విఫలమైతే ఆ టైమ్‌ని రెట్టింపు చేసుకుంటూ ప్రయత్నిస్తుంది. పక్క లీడర్ కూడా తను మోయగలిగినంత మందినే చేర్చుకుని మిగిలినవాళ్లకి "తర్వాత రండి" అంటుంది. కాదని చెప్పగలిగే లీడర్ బతుకుతుంది.

టైమౌట్ల దగ్గర అందరూ చేసే పొరపాటు, పైనా కిందా ఒకే అంకె పెట్టడం. కిందివాడు తన ఇంటిని చక్కబెట్టుకునే టైమ్ పైవాడు ఇవ్వాలి. మీ సైట్ లీడర్ రీస్టార్ట్ అయి పిల్లల్ని లెక్కపెట్టుకోడానికి 40 సెకన్లు పడితే, పైవాడు 30 సెకన్లకే చేయి పెట్టకూడదు. ఎంతసేపు ఆగాలన్నది, తప్పుగా తేల్చితే ఎంత నష్టమో దాన్నిబట్టి ఉంటుంది. డేటాని చాలా మెషీన్లలో పంచి దాచే హడూప్ ఫైల్ సిస్టమ్‌లో డేటా మెషీన్లు 3 సెకన్లకోసారి హార్ట్‌బీట్ పంపుతాయి. కానీ పోయిందని తేల్చడానికి డిఫాల్ట్‌గా 10 నిమిషాల 30 సెకన్లు ఆగుతారు. ఎందుకంటే తేల్చిన మరుక్షణం ఆ మెషీన్‌లోని డేటాకి మళ్లీ కాపీలు తీయాలి, ఆ బరువు మొత్తం నెట్‌వర్క్ మోయాలి.

తొందరపడితే ఏమవుతుందో చూడాలంటే, తిత్లీ వెళ్లిన పది రోజులకి, 2018 అక్టోబర్ 21న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో జరిగింది చూడండి. పాడవుతున్న ఆప్టికల్ పరికరం మారుస్తుంటే అమెరికా తూర్పు తీరంలో వాళ్ల నెట్‌వర్క్ హబ్‌కీ ప్రధాన డేటా సెంటర్‌కీ మధ్య లింక్ తెగింది. 43 సెకన్లు. అంతే. ఆ కాస్త టైమ్‌లోనే వాళ్ల డేటాబేస్‌లని చూసుకునే ఆర్కెస్ట్రేటర్ అనే సాఫ్ట్‌వేర్ రాఫ్ట్ పద్ధతి ప్రకారం మెజారిటీ కూడగట్టుకుని, డేటాబేస్ ప్రైమరీలని (రాతలు తీసుకునే ప్రధాన కాపీలని) పశ్చిమ తీరానికి మార్చేసింది. లింక్ తిరిగొచ్చింది. కానీ తూర్పున కొన్ని సెకన్ల రాతలు పశ్చిమానికి చేరలేదు, పశ్చిమాన కొత్త రాతలు మొదలైపోయాయి. వెనక్కి తిప్పడానికి లేదు. 43 సెకన్ల కోతకి 24 గంటల 11 నిమిషాల అవస్థ. గమనించారా, ఓటింగ్‌లో ఏ తప్పూ లేదు. రాఫ్ట్ తన పని తాను చేసింది. తీరం దాటించి ప్రైమరీని మార్చే అధికారం ఆ పొరకి ఉండటమే తప్పు. తర్వాత వాళ్లు చేస్తామన్న మార్పుల్లో మొదటగా కనిపించేది కూడా అదే, ప్రాంతం దాటి ప్రైమరీని మార్చకుండా కట్టడి. మీ డిజైన్‌లో కూడా సైట్ లోపల మార్పు ఆటోమేటిక్‌గా జరగనివ్వండి. సైట్ దాటి బిల్లింగ్ లాంటిది మార్చాలంటే మనిషి బటన్ నొక్కాలి. రాత్రి రెండింటికి ఫోన్ మోగుతుంది, నిజమే. అదే పని రెండు చోట్ల నడిచాక మోగే ఫోన్ కన్నా చిన్న టెన్షన్ అది.

చచ్చిందా, వినబడటం లేదా? ఈ తేడా దూరం నుంచి ఎవరికీ తెలియదు. ఇది మన చేతగానితనం కూడా కాదు. మెసేజ్ ఎంత ఆలస్యమైనా రావొచ్చు అనుకుంటే, ఒక్క మెషీన్ ఆగిపోయే అవకాశమున్నా కచ్చితంగా ఏకాభిప్రాయానికి తెచ్చి ముగించే పద్ధతి లేదని ఫిషర్, లించ్, పాటర్సన్ 1985లో నిరూపించారు. టైమౌట్ అంటే మనం వేసుకునే పందెం. అందుకే సైట్ లీడర్ పలకకపోతే దాని కిందున్న 300 మెషీన్లనీ 'డౌన్' అని రాయొద్దు, 'తెలియదు' అని మూడో స్థితి ఒకటి పెట్టుకోండి. ఒకేసారి చాలామంది పోయినట్టు కనిపిస్తే తప్పు నా కంటిదే కావచ్చని అనుమానించే తెలివి కూడా పైవాడికి ఉండాలి. కుబర్నెటీస్‌లో ఇది ఉంది. ఒక జోన్‌లో 55 శాతం నోడ్లు పలకకపోతే పనుల్ని ఖాళీ చేయించే వేగం తగ్గిస్తుంది. అన్ని జోన్లూ పూర్తిగా పలకకపోతే, పోయింది నోడ్లు కాదు తన లింకే అనుకుని ఖాళీ చేయించడం ఆపేస్తుంది.

తాళం పనుల్లోనూ ఒక గుంట ఉంది. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ వెన్నెముక నెట్‌వర్క్ తెగినప్పుడు, వాళ్ల డీఎన్ఎస్ సర్వర్లు (వెబ్‌సైట్ పేరు అడిగితే అడ్రస్ చెప్పేవి) డేటా సెంటర్లు అందకపోయేసరికి "నా లింక్ బాలేదు, నేను తప్పుకుంటాను" అని ఇంటర్నెట్‌కి తమ దారి చెప్పడం మానేశాయి. ఒక్కో సర్వర్ లెక్కన చూస్తే ఆ నిర్ణయం భేషైనది, జనం వేరే సర్వర్‌కి పోతారు. అన్నీ ఒకే క్షణంలో అదే నిర్ణయం తీసుకుంటే? ఆరు గంటలు ఫేస్‌బుక్ లేదు. అందుకని కిందివాడికి ఏ అధికారం ఇచ్చినా, అందరూ ఒకేసారి దాన్ని వాడేస్తే ఏమవుతుందని ఊహించుకోండి.

ఇక మీ బిల్లింగ్ జాబ్. లీజ్ పెట్టినా అది రెండుసార్లు నడవొచ్చు, ఇది చాలామందికి తట్టదు. లీజ్ 10 సెకన్లు అనుకోండి. లీడర్ గార్బేజ్ కలెక్షన్‌లోనో (వాడని మెమరీ ఊడ్చుకోవడం), వర్చువల్ మెషీన్‌ని వేరే సర్వర్‌కి మార్చడంలోనో 25 సెకన్లు స్తంభించింది. ఈలోగా లీజ్ ఇంకొకరికి పోయింది. ఇది నిద్ర లేచి, మధ్యలో ఏమీ జరగనట్టే తర్వాతి లైన్ నడుపుతుంది, ఆ లైన్ డేటాబేస్‌లో రాత. రాఫ్ట్ దాన్ని ఆపలేదు, ఎందుకంటే ఆ డేటాబేస్ రాఫ్ట్ గుంపులో లేదు. ఆపాల్సింది డేటాబేసే. ప్రతి లీజ్‌తోపాటు పెరుగుతూ పోయే నంబర్ ఇవ్వండి. పాతవాడిది 41, కొత్తవాడిది 42. ప్రతి రాతతోనూ ఆ నంబర్ పంపాలి. అప్పటిదాకా చూసిన పెద్ద నంబర్‌ని బిల్లింగ్ టేబుల్‌లో దాచి, అంతకన్నా చిన్న నంబర్‌తో వచ్చిన రాతని తోసిపుచ్చాలి. ఈ చూడటం, రాయడం రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో జరగాలి. పెదనాన్న భాషలో, పాత సెక్షన్ బంతి చూపించి కొత్త సెక్షన్‌లోకి పోలేవు. లీజ్ గడువు లెక్కకి గోడ గడియారం వాడకండి, వెనక్కి జరగని మోనోటోనిక్ క్లాక్ వాడండి. లీజ్ తీసుకునేవాడు జవాబు వచ్చిన క్షణం నుంచి కాక, అడిగిన క్షణం నుంచి లెక్కపెట్టుకోవాలి.

పరీక్ష మాటకొస్తే, ప్రాసెస్‌ని చంపి చూసి సంతోషపడకండి. చంపడం తేలిక చావు, నిజం అలా ఉండదు. లీడర్‌కి సిగ్‌స్టాప్ (ఉన్నచోటే ఆగమనే సిగ్నల్) పంపి నిమిషం ఆగి సిగ్‌కాంట్ (మళ్లీ నడవమనే సిగ్నల్) పంపండి. నిద్ర లేచిన లీడర్ ఏం రాస్తుందో చూడండి. లింక్‌ని పూర్తిగా తెంచకుండా మూడోవంతు ప్యాకెట్లు పారేయండి. ఒక దిక్కున మాత్రమే తెంచండి, పైవాడి మాట కిందికి వస్తుంది, కిందివాడి మాట పైకి పోదు. మా గుణుపురంలో వాన పడితే వైర్‌లెస్ లింక్ అచ్చం ఇలాగే ప్రవర్తిస్తుంది, ల్యాబ్ అక్కర్లేదు.

పొరల పని నెలలు పడుతుంది, అది మొదలయ్యేదాకా ఆగకండి. స్టాండ్‌బైకి తనంతట తాను లీడర్ అయ్యే అధికారం ఈ వారమే తీసేయండి. మనిషి చెబితేనే కావాలి, అదీ పాతదాని కరెంటో, నెట్‌వర్క్ పోర్టో ఆపామని రూఢి చేసుకున్నాకే. బిల్లింగ్ టేబుల్‌లో నంబర్ కాలమ్ కూడా పెట్టేయండి, అది రెండు రోజుల పని. పోయిన నెల గొడవ జరిగిన రోజు లాగ్‌లలో పాత లీడర్ ఆఖరి రాత టైమ్, కొత్త లీడర్ మొదటి రాత టైమ్ పక్కపక్కన పెట్టి ఇక్కడ రాయండి. రెండు మెషీన్ల గడియారాల మధ్య తేడా ఎంతో కూడా రాయండి. మీ లీజ్ గడువు ఎంత ఉండాలో అది చూశాక చెబుతాను.